మోజెస్ విడిచిన సందు

ఎద్దులు ఉండాలా వద్దా అన్న దగ్గర మొదలైంది గొడవ.

ఇందల్వాయి దాటాక హైవే పక్కన కడుతున్న సింగిడి ఫ్యామిలీ పార్కు వాళ్లు, వేసవి సెలవులకు తెరవబోయే తమ కొత్త రోలర్ కోస్టర్ బొమ్మను బుధవారం పొద్దున బయటపెట్టారు. పేరు చెరుకు బండి. ఎనిమిది పెట్టెలు, ఒక్కోటి గడలు నింపిన బండి ఆకారంలో ఉంటుంది. ముందు పెట్టెకు రెండు ఎద్దుల తలలు. ఎత్తు పదమూడు మీటర్లు, వేగం గంటకు నలభై ఐదు కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఫేస్‌బుక్‌లో 'కోస్టర్ పిచ్చోళ్లు' అనే గ్రూపు రెండుగా చీలిపోయింది. ఎద్దులుంటేనే బోధన్ చెరుకు బండి అనిపిస్తుందని కొందరు, ట్రాక్టరు ఇంజను పెడితేనే ఈ కాలానికి తగ్గట్టుంటుందని కొందరు. బోధన్‌లో ఫ్యాక్టరీయే మూతపడింది, ఇంక చెరుకు బండి ఎక్కడిదని ఒకాయన అడిగాడు. ఆయనకు ఎవరూ జవాబివ్వలేదు.

ఆ గ్రూపులో పదహారు వందల మంది ఉన్నారు. ప్రతివాడూ తన పేరు పక్కన ఒక అంకె వేసుకోవాలి. ఇంతవరకు ఎన్ని కోస్టర్లు ఎక్కాడో ఆ లెక్క. దాన్ని వాళ్లు కౌంట్ అంటారు. వాదన ముదిరినప్పుడు ఎవరో ఒకరు "నీ కౌంట్ ఎంత?" అని అడుగుతారు. అంకె చిన్నదైతే ఆ మనిషి నోరు మూసుకోవాలి. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు గానీ, రాసిపెట్టిన వాటన్నిటికంటే గట్టిగా నడిచేది ఇదే. గ్రూపు పెట్టిన ప్రభుకు నిజామాబాద్ బస్టాండు వెనక ఫ్లెక్సీల దుకాణం ఉంది. అతని పేరు పక్కన నలభై ఒకటి అని ఉంటుంది. అంతకు మించిన అంకె గ్రూపులో ఇంకెవరికీ లేదు.

"పదమూడు మీటర్లా? మా గల్లీ నీళ్ల ట్యాంకు ఇంతకంటే ఎత్తుంటది. ఇది కోస్టర్ కాదు, పసిపిల్లల తొట్టెల" అని రాశాడు ప్రభు.

హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే నితీష్ అనే కుర్రాడు వెంటనే జవాబు పెట్టాడు. అతని కౌంట్ ఆరు. "అన్నా, ఫ్యామిలీ కోస్టర్ అంటేనే అది కదా. అవ్వా మనుమరాలూ ఒకే పెట్టెలో కూర్చుని ఒకేసారి కేక పెట్టాలి. రెండో మలుపు తర్వాత ఆ చిన్న దిగుడు చూడండి. దీన్ని గీసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి."

ఆ మాటకు పది నిమిషాల్లో రెండు వందల లవ్ గుర్తులు పడ్డాయి. మా అమ్మను ఎక్కిస్తానని ఒకడు, మోకాళ్ల నొప్పులున్న మా నాయనమ్మ కూడా ఎక్కొచ్చా అని ఇంకొకామె. తన గ్రూపులో, తన మాట కింద, ఆరు కౌంట్ వాడికి ఇంత మంది చప్పట్లు కొట్టడం ప్రభుకు మింగుడుపడలేదు. దుకాణంలో ఫ్లెక్సీ మిషన్ మీద చర్చి వాళ్ల మట్టల ఆదివారం కూడికల బ్యానరు దిగుతోంది. దాని అంచులు మడిచి గమ్ము పెట్టాల్సిన వేళకు అతను ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున మోజెస్ మామ ఏదో ఫోటో పంపాడని.

మోజెస్ అతని తల్లికి తమ్ముడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, అది మూతపడ్డాక దొరికిన పనల్లా చేసి, నాలుగు నెలలుగా ఆ చెరుకు బండికే పట్టాలు బిగిస్తున్నాడు. ఫోటోలో రెండు పట్టాలు కలిసే చోటు ఉంది. కలిసే చోటంటే, కలవలేదు. రెంటి మధ్య ఏటవాలుగా సన్నని సందు, వెనక ఆకాశం కనబడుతోంది. కింద స్తంభం మీద సుద్దతో ఏవో అంకెలు. ఫోటోతో పాటు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా ఉంది. మామ వాయిస్ మెసేజ్ పెడితే అందులో సగం దగ్గు, సగం పక్కవాళ్ల మాటలు ఉంటాయి. ప్రభు దాన్ని వినలేదు. ఫోటోను కత్తిరించాడు. సుద్ద అంకెలు పోయాయి, సందు పెద్దదైంది. దాని చుట్టూ ఎర్రగా గుండ్రం గీశాడు. రోజూ పసుపు వ్యాపారుల మొహాల చుట్టూ వెలుగు గీసే చెయ్యి, అర నిమిషం కూడా పట్టలేదు.

"మీరు మొక్కమన్న డిజైన్ ఇదేనా? పట్టాలు కలవనే లేదు. ఈ సందులో చక్రం దిగితే? పిల్లల ప్రాణాలతో ఆటలా? – ప్రభు, కౌంట్ 41."

రాసి, సంతోషంగా బ్యానరు అంచులు మడిచాడు.

గురువారం పొద్దున దుకాణం షటరు ఎత్తేసరికి ఆ ఫోటో గ్రూపు దాటి ఊళ్లు దాటింది. నాలుగు వేల మంది పంచుకున్నారు. ఒక లోకల్ చానల్ వాళ్లు 'చెరుకు బండికి ఆదిలోనే పగుళ్లు?' అని కింద పట్టీ నడిపారు. ఆ చానల్ ఫేస్‌బుక్ పేజీ కింద వ్యాఖ్యల్లో జనం ఊగిపోతున్నారు. తాగి చేసుంటాడని ఒకడు తీర్పు చెప్పేశాడు. "ఈ పని చేసిందెవడు? వాన్ని తీసేసిన్రా లేదా చెప్పండి" అని మరొకడు. టీ తాగుతూ ప్రభు ఆ మాటకు ఒక లవ్ గుర్తు పెట్టాడు. ఆ పని చేసింది ఎవరో తనకు తెలుసన్న సంగతి ఆ క్షణాన అతని బుర్రలోకే రాలేదు. అతని దృష్టంతా కింద పెరిగే అంకెల మీద ఉంది.

పది గంటలకు నితీష్ రాశాడు.

"అన్నా, ఒక్క మాట. అది ఎండకు విడిచే సందు కావచ్చు. కోస్టర్ ఎక్కినప్పుడు కింద టక్ టక్‌మని వినిపిస్తుంది చూడండి, అది ఇలాంటి చోటే. నేను ఎక్కిన ఆరింటిలో రెండింటికి వినిపించింది. మీరు నలభై ఒకటి ఎక్కారు. మీకెప్పుడూ వినిపించలేదా?"

ప్రభు ఆ ప్రశ్నను రెండుసార్లు చదివాడు. మిషన్ మీద ఫ్లెక్సీ దిగుతున్నంత సేపూ, ఏళ్ల తరబడి, అతను కంప్యూటరులో కోస్టర్ల వీడియోలు చూశాడు. ముందు పెట్టెలో కెమెరా పెట్టి తీసినవి. ఏ దేశంలో ఏది ఎంత ఎత్తో, ఎక్కడ తిరగబడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ వీడియోలన్నిటికీ వెనక పాటలు పెట్టి ఉంటాయి. టక్ మనడం అతను ఎన్నడూ వినలేదు. నలభై ఒకటి కాదు కదా, ఒక్కటి కూడా ఎక్కలేదు. రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి వరసలో నిలబడ్డాడు. రెండుసార్లూ ఇనుప గేటు తన వంతుకు తెరుచుకునేసరికి భయపడి, ఫోను వచ్చినట్టు నటించి పక్కకు తప్పుకున్నాడు.

చేతివేళ్లు వాటంతటవే కదిలాయి. "నీ కౌంట్ ఎంత?" అని రాశాడు.

"ఆరు అన్నా. సారీ" అని వచ్చింది జవాబు. ఆ సారీ చూసి ప్రభు లేచాడు. షటరు సగం దించి, మిషన్ ఆపి, మామ వాయిస్ మెసేజ్ నొక్కాడు. ముందు దగ్గు. తర్వాత ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు. ఆ వెనక మామ గొంతు, పండక్కి కొత్త బట్టలేసుకున్న మనిషిలా హుషారుగా.

"ప్రభూ, ఇగో ఇది జూడు రా. పట్టాలు కలిసే కాడ సందు ఇడిసిన. పొద్దుగాల ఆరు మిల్లీమీటర్లు, పగటీలి మూడు, మాపటికి మల్ల ఐదు. స్తంభం మీద సుద్దతోని రాసి పెట్టిన. ఎండకు ఇనుము పెరుగుతది గదా, దానికి జాగ ఇడవకుంటే వంగి కూసుంటది. ఫ్యాక్టరీల చెరుకు డబ్బాల పట్టాలకు మేం గిట్లనే ఇడిసేది. మా ఇంజనీరు సుకన్య మేడమ్ కొలిసి సూసి, మోజెస్ గారూ మీ చెయ్యి మంచిగున్నదన్నది. పార్కు తెరిసినంక గిదే బండికి నన్ను పర్మనెంటు జేస్తమన్నరు. నలభై ఒక్కటి ఎక్కినోనివి, నీకు నేను చెప్పేదేముంది, అన్నీ ఎర్కనే. ఆఁ, ఇంకోటి. మంగళారం నాడు పనిచేసినోళ్లను ఇంటోళ్లతోని ఎక్కిస్తరట. మీ అత్తకు తల దిరుగుతది. నువ్వే రావాలె నా పక్కకు."

ప్రభు పోస్టు తీసేశాడు. తీసేస్తే ఏం లాభం, పెట్టినవాడి పేరు పోయింది గానీ ఫోటో నాలుగు వేల చోట్ల అలాగే ఉంది. మూడు గంటలకు అత్త ప్రిస్కిల్లా ఫోను చేసింది. ఏడుస్తోందో తిడుతోందో మొదట అర్థం కాలేదు.

"మీ మామను పనికెల్లి తీసేసిన్రు ప్రభూ. పని రాదని గేటు కాడ్నే నిలవెట్టి చెప్పిన్రట."

శుక్రవారం మధ్యాహ్నం అత్త అన్నానికి రమ్మంటే వెళ్లక తప్పలేదు. పని ఉందని చెప్పొచ్చు గానీ, ఆ అబద్ధం ఆడే ధైర్యం కూడా అతనికి లేకపోయింది.

మోజెస్ వాకిట్లో గోనె పరుచుకుని, చర్చి సీలింగ్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. మట్టల ఆదివారానికి జనం ఎక్కువొస్తారు, ఫ్యాను కిర్రుమంటే పాస్టరు మాట వినబడదు. బేరింగును కిరసనాయిల్లో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, వేలికి తగిలించి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. తలూపి, మళ్లీ ముంచాడు. పని లేని మనిషిలా లేడు. అదే ప్రభుకు ఎక్కువ బాధ పెట్టింది.

"కూసో అల్లుడా" అన్నాడు తల ఎత్తకుండానే.

లోపల ప్రిస్కిల్లా జొన్నరొట్టె, చింతచిగురు పప్పు వడ్డించింది. మామా అల్లుళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆమె పొయ్యి దగ్గర రొట్టె తడుతూ మాట్లాడుతూనే ఉంది.

"గా గీత గీసినోనికి చేతులెట్లొచ్చినయో. ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీల చేసిండు, ఒక్కనాడు ఒక్క మేస్త్రీ మాట అనలే. గియ్యాల తాగుబోతని రాసిన్రట. ఈయన చాయ్ తప్ప ఏం ముట్టడని ఎవనికెర్క? వాని ఇంట్ల దీపం పెట్టే దిక్కు లేకుంట పోను." అంటూనే వేడి రొట్టె తెచ్చి ప్రభు కంచంలో వేసింది. "తిను బిడ్డా, గంతనేనా తినేది? ఇంకోటి ఏస్త."

"చాలత్తా" అన్నాడు ప్రభు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈయన గా ఫోటోను చర్చి గ్రూపుల ఏసిండట. గండ్లకెల్లి ఎవడో తీసిండు. ఆదివారం ప్రార్థన అయినంక నేనే లేసి నిలవడి అడుగుత. ఎవరో చెప్పున్రి అంట. సిగ్గున్నోడైతే లేస్తడు."

ప్రభు మామ వైపు చూశాడు. మోజెస్ పప్పులో రొట్టె అద్దుకుంటున్నాడు. ఆమె నీళ్ల బిందె కోసం వెనక్కి వెళ్లగానే ప్రభు ఎడమ చేత్తో ఫోను తీసి చర్చి గ్రూపు తెరిచాడు. అతనూ అందులో ఉన్నాడు. బుధవారం నుంచి వెతికాడు. వాక్యాలున్నాయి, పుట్టినరోజు శుభాకాంక్షలున్నాయి, ఎవరిదో పోయిన గొడుగు ఉంది. పట్టాల ఫోటో లేదు.

చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకొస్తే మోజెస్ వెనకే వచ్చి చెంబుతో నీళ్లు పోశాడు.

"చర్చి గ్రూపుల నువ్వు ఎయ్యలే గద మామ" అన్నాడు ప్రభు మెల్లగా.

"ఎయ్యలే."

"మరి అత్తకు గట్ల..."

"మేనేజర్ అడిగిండు, ఎవరికి పంపినవని. ఒక్కనికే పంపిన. వాని పేరు చెప్పాల్నా? మా అక్క కొడుకని చెప్పాల్నా?"

చెంబులో నీళ్లు అయిపోయాయి. ప్రభు చేతులు ఇంకా చాచే ఉన్నాడు. మోజెస్ భుజం మీది తువ్వాల తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"నిన్ను కొట్టాలంటే కొట్టొచ్చు. మామనే గద. కానీ నాకు ఒక్కటి సమజైతలేదు రా. తీసేస్తే తీసేసిన్రు, ఇంకో పని దొరుకుతది. పని రాదన్నరు సూడు, గది లోపల కూసున్నది. నలభై ఒక్కటి ఎక్కినోనివి. నీకు ఎర్క లేకుంట ఎట్లున్నది?"

ప్రభు నోరు తెరిచాడు. నిజం అక్కడే, పళ్ల వెనకే ఉంది. అత్త బిందెతో వచ్చింది. అతను తువ్వాల తీగ మీద వేసి, దుకాణంలో గిరాకీ ఉందని చెప్పి బయటపడ్డాడు. దారంతా తనని తాను తిట్టుకున్నాడు. తిట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు కదా.

శనివారం పగటిపూట బస్సెక్కి ఇందల్వాయి దాటి పార్కు గేటు దగ్గర దిగాడు. మోజెస్ అల్లుణ్ణి అని చెబితే సైటు ఇంజనీరు సుకన్య బయటికొచ్చింది. వర్ని వైపు రైతుల బిడ్డ. నెత్తిన హెల్మెట్, చేతిలో సందులు కొలిచే సన్నని రేకుల కట్ట. ఫోటో పెట్టింది తనేనని అతను చెప్పగానే ఆమె వెనక్కి తిరిగింది. "రండి" అని కోస్టర్ కిందికి తీసుకెళ్లింది.

ఒంటిగంట ఎండ మండిపోతోంది. రెండో మలుపు తర్వాతి స్తంభం మీద సుద్ద అంకెలు ఇంకా చెరిగిపోలేదు. పొద్దుగాల 6, పగటీలి 3, మాపటికి 5. మామ అక్షరాలు, చర్చి తలుపు మీద కూడికల వేళలు రాసే అక్షరాలే. సుకన్య మెట్లెక్కించి, మూడు మిల్లీమీటర్ల రేకు అతని చేతికిచ్చింది. ప్రభు దాన్ని సందులో పెట్టాడు. సరిగ్గా పట్టింది. పట్టా వేడికి వేలు చురుక్కుమంది.

"చెక్కర ఫ్యాక్టరీల నేర్చిన చెయ్యి అది" అంది సుకన్య. "మా వాళ్లు మిషన్ పెట్టి కొలిసేది ఆయన వేలు పెట్టి చెప్తడు. నేను చెప్పిన, తీసేయొద్దని. ఇనలేదు. మేనేజర్ రూములనే ఉన్నడు. మీరే చెప్పి చూడుండ్రి."

మేనేజరు ఆత్మారాంది ధర్మాబాద్. ఏసీ గదిలో మజ్జిగ తాగుతున్నాడు. ప్రభు నిలబడే అంతా చెప్పాడు. సందులో తప్పు లేదు, తప్పు తనది, మామను మళ్లీ పనిలోకి తీసుకోండి.

"అరే బాబా, తప్పు లేదని నాకు తెల్వదా?" అన్నాడు ఆత్మారాం. కోపం కూడా లేదు ఆ గొంతులో. "ఇంజనీరు చెప్పింది, నేను ఇన్న."

"మరి ఎందుకు తీసేసిన్రు సార్?"

ఆత్మారాం తన ఫోను తీసి బల్ల మీద అతని వైపు తిప్పాడు. "నువ్వే చూడు. రెండు వేల మంది అడుగుతున్నరు, ఎవర్ని తీసేసిన్రు అని. పట్టా మంచిగున్నదా అని ఒక్కడన్న అడిగిండా? జనానికి నట్టు బోల్టు సమజ్ గాదు. వాళ్లకు మనిషి గావాలె. ఒక మనిషిని తీసేసినమంటే చల్లవడతరు. ఇగో, ఈ మాటకు లవ్ గుర్తు కొట్టినోళ్లల్ల మొదటి పేరు ఎవలది?"

ప్రభు, 41.

గది చల్లగా ఉంది. ప్రభుకు చెవుల దాకా వేడెక్కింది. తను అన్నది ఏదీ ఇక చెల్లదని అర్థమైంది. మామను తీసేసింది ఆత్మారాం కాదు. ఎవడో అడిగాడు, తను అవునన్నాడు, ఈయన సంతకం పెట్టాడు. అంతే.

దుకాణానికి తిరిగొచ్చేసరికి నాలుగైంది. బ్యానర్ల కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు. అంచులకు తాడు కట్టే రింగులు కొట్టి ఇచ్చి వాళ్లను పంపి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ముందు పూర్తి ఫోటో పెట్టాడు, సుద్ద అంకెలతో సహా. దాని కింద మామ వాయిస్ మెసేజ్‌లో పని గురించి చెప్పినంత వరకు మాట మాటగా రాశాడు. ఆ తర్వాత తన మాటలు రాయడానికి గంట పట్టింది.

"ఈ సందు తప్పు కాదు. ఎండకు ఇనుము పెరిగితే జాగ ఉండాలని కొలిచి విడిచింది. విడిచిన మనిషి పేరు మోజెస్, బోధన్ ఫ్యాక్టరీ ఫిట్టరు, నాకు మేనమామ. ప్రేమగా నాకొక్కడికే ఫోటో పంపాడు. వాదనలో గెలవాలని నేను దాన్ని కత్తిరించి గుండ్రం గీశాను. కింద అంకెలున్నాయని చూశాను, ఏంటని అడగలేదు. నా మాట వల్ల ఆయన పని పోయింది. నితీష్ అడిగింది నిజం. కోస్టర్ ఎక్కినవాడికి ఆ చప్పుడు తెలుస్తుంది. నాకు తెలియదు."

ఇక్కడ ఆగాడు. ఇక్కడితో వదిలేసినా సరిపోతుందేమో అనిపించింది. నీళ్లు తాగొచ్చి, చివరి వాక్యం రాశాడు.

"ఎందుకంటే నేను ఇంతవరకు ఒక్కటి కూడా ఎక్కలేదు."

పేరు పక్కన నలభై ఒకటి తీసేసి సున్నా పెట్టాడు. పోస్టు నొక్కి, ఫోను బోర్లా తిప్పి పెట్టి, మిషన్‌లో రంగు చిమ్మే తల తుడవడం మొదలుపెట్టాడు. అది తుడవాల్సినంత మురికిగా ఏమీ లేదు.

ఆరు గంటలకు చూస్తే గ్రూపులో వెయ్యి మంది మిగిలారు. సున్నా గాడని ఒకడు, ఇన్నేళ్లు మమ్మల్ని నోరు మూయించావు కదరా అని ఒకడు. ఆ రెండోది చదివి ప్రభు తలదించుకున్నాడు, దుకాణంలో చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా. నితీష్ మాత్రం గ్రూపులో ఏమీ రాయలేదు. ఫోను చేశాడు.

"అన్నా, మోజెస్ గారిని మళ్లీ తీసుకోమని రాద్దామా అందరం?"

"రాయి తమ్మీ" అన్నాడు ప్రభు. ఫోను పెట్టేసి షటరు దించాడు.

ఆదివారం చర్చికి వెళ్లకుండా ఉండడానికి ఎన్ని సాకులున్నాయో అన్నీ లెక్కబెట్టుకుని, చివరికి వెళ్లాడు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. పాస్టరు ప్రతి మాటా వినిపించింది. ప్రార్థన అయ్యాక ప్రిస్కిల్లా లేచి అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు, ఎవరో ఆమెకు చదివి వినిపించారు. ఆమె ఎప్పటిలాగే ఈత మట్టల కట్ట పట్టుకుని వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరికి ఒక్కో మట్ట ఇస్తోంది. ప్రభు చెయ్యి చాచాడు. ఆమె అతని పక్కనున్న ఎస్తర్ అక్కకు ఇచ్చి, ఆ తర్వాతి మనిషికి ఇచ్చి, ముందుకు వెళ్లిపోయింది. చాచిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్రభు జేబులో పెట్టుకున్నాడు. హోసన్నా అని అందరూ మట్టలు ఊపుతుంటే అతనొక్కడే ఒట్టి చేతులతో నిలబడ్డాడు. పిల్లలు వింతగా చూశారు.

సోమవారం సాయంత్రం సుకన్య మోజెస్‌కు ఫోను చేసింది. తనిఖీకి వచ్చిన అధికారి మూడు వేళల్లో సందు కొలిచి, ఇది చేసినవాణ్ణి పిలవమన్నాడట. ఈలోగా జనం కూడా మోజెస్‌ను ఎప్పుడు పిలుస్తారని అడగడం మొదలుపెట్టారు. ఎవర్ని తీసేశారని అడిగినవాళ్లలో చాలామంది వీళ్లలోనూ ఉన్నారు. ఆత్మారాం వెంటనే రమ్మన్నాడు. పర్మనెంటు సంగతి తర్వాత చూద్దామన్నాడు. తర్వాత అంటే ఏమిటో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడే తెలుసుకున్న మనిషి మోజెస్. సరేనని పనిముట్ల సంచి తీసుకుని వెళ్లాడు.

మంగళవారం పదింటికి ప్రభు ఫోను మోగింది.

"ఏడున్నవ్ రా? రమ్మంటి గద" అన్నాడు మోజెస్.

ప్రభు వెళ్లేసరికి పార్కులో పనివాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ నలభై మంది దాకా ఉన్నారు. రెండు రోజులుగా ఇసుక బస్తాలు వేసుకుని తిరిగిన చెరుకు బండి, ఇవాళ మనుషుల కోసం ఆగి ఉంది. ముందు రెండు ఎద్దుల తలలు. ఎద్దులే గెలిచాయి. వరసలో ఇద్దరు ముగ్గురు ప్రభును గుర్తుపట్టి గుసగుసలాడుకున్నారు. ఇనుప గేటు తెరుచుకుంది. ప్రభు చెయ్యి జేబులోకి వెళ్లింది, హైదరాబాదులో వెళ్లినట్టే. ఈసారి ఫోను వచ్చినట్టు నటించడానికి లేదు, దాన్ని గేటు దగ్గరే ఇచ్చి వచ్చాడు. మోజెస్ అతని మోచెయ్యి పట్టుకుని మూడో పెట్టెలోకి నడిపించాడు.

కూర్చున్నాక మోజెస్ ఒడి మీది కడ్డీని దించి, రెండుసార్లు గుంజి చూశాడు, ముందు అల్లుడిది, తర్వాత తనది. పెట్టెలు కదిలాయి. గొలుసు గరగరమంటూ పైకి లాగుతోంది. కింద హైవే, లారీలు, దూరంగా ఎండబెట్టిన పసుపు కుప్పలు. ప్రభు రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు.

"అత్త ఏమన్నది మామ?"

"మాట్లాడతలేదు" అన్నాడు మోజెస్. "నాతోని గూడ. నీ పేరు దాసినందుకు."

ఇంకో రెండు గజాలు ఎక్కితే శిఖరం. మోజెస్ ముందుకే చూస్తూ అడిగాడు.

"ఇది ఎన్నోది రా?"

పోస్టు మామకు కూడా ఎవరో చదివి వినిపించే ఉంటారు. అయినా అడుగుతున్నాడు. పదహారు వందల మందికి రాయడం తేలికే అనిపించింది ప్రభుకు, ఈ ఒక్క మనిషికి నోటితో చెప్పడం ముందు.

"ఒకటోది మామ."

మోజెస్ తలూపాడు. పెట్టె ముందుకు ఒరిగింది. కడుపు పైకి లేచింది, వెనక ఎవరి ఇంటి అవ్వో కెవ్వుమంది, ఆమె పక్కన పిల్లా కెవ్వుమంది, ఇద్దరూ నవ్వారు. మొదటి మలుపు, రెండో మలుపు, ఆ తర్వాత చిన్న దిగుడు. అక్కడ మోజెస్ చెయ్యి వచ్చి ప్రభు మణికట్టు పట్టుకుంది. కింద ఎండకు మూసుకుంటున్న సందు మీదుగా చక్రాలు దాటాయి. టక్. వెనక పెట్టె, టక్. దాని వెనకది, టక్.

"ఇన్నవా?" అన్నాడు మోజెస్ గాలిలో గట్టిగా.

ప్రభు కళ్లు తుడుచుకోవడానికి కూడా మామ పట్టుకున్న చెయ్యి కదపలేదు.

"ఇన్న మామ."